యెహోషువ దినానికి నాసా సాక్ష్యం దేనికి?

"నాసా కంప్యూటర్లలో ఒక రోజు తక్కువొచ్చిందట" అన్న సందేశం మళ్లీ తిరుగుతోంది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఇది చల్లారినట్టే చల్లారి మళ్లీ లేస్తుంది. శాస్త్రవేత్తలు గ్రహాల స్థానాలను వేల ఏళ్లు వెనక్కి లెక్కేస్తుంటే కంప్యూటరు ఎర్ర దీపం వెలిగించి ఆగిపోయిందట. లెక్కలో సరిగ్గా ఒక రోజు లేదట. అందులో 23 గంటల 20 నిమిషాలు బైబిలులో యెహోషువ సూర్యుణ్ణి ఆపినప్పటివి, మిగతా 40 నిమిషాలు హిజ్కియా రాజు కోసం నీడ వెనక్కి నడిచినప్పటివి. ఉజ్జీవ సభలో ఈ మాట పడగానే పందిరంతా హల్లెలూయ.

ఈసారి ఒక యవ్వనస్తుల కూటంలో ప్లస్ టూ చదివే అమ్మాయి లేచి, "అయ్యగారూ, ఆ తక్కువొచ్చిన రోజు ఏ తేదీ అండీ? కంప్యూటరుకి తెలిసే ఉంటది కదా" అని అడిగిందట. అయ్యగారు మంచివారు, కసురుకోలేదు. "అవన్నీ ప్రభువుకి తెలుసమ్మా" అని పాట ఎత్తుకున్నారు. అమ్మాయి కూర్చుంది.

ఆ అమ్మాయి అడగాల్సిందే అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు లేకపోవడం ఒక కష్టం. అలా అడిగితే విశ్వాసం తగ్గినట్టని ఆమె అనుకుంటే అది ఇంకా పెద్ద కష్టం. బైబిలుకి విజ్ఞానశాస్త్రం చేత వేలిముద్ర వేయించాలన్న తాపత్రయం శాస్త్రానికి చేసే చెరుపు కన్నా విశ్వాసానికి చేసే చెరుపే ఎక్కువని నేను నమ్ముతాను. ఈ మాట చాలా ముందే, ఎంతో గట్టిగా చెప్పినవాడు ఖగోళవేత్త, పైగా గురుపట్టం పొందిన క్రైస్తవుడు. ఆయన దగ్గరికి వెళ్లే ముందు, అమ్మాయి ప్రశ్నకి జవాబు చూద్దాం.

గడియారం ఒక్కటే ఉంటే

ఈ కథ నాసా కన్నా పాతది. 1890లోనే చార్లెస్ టాటెన్ అనే అమెరికా సైనికశాస్త్ర ఆచార్యుడు ఈ తక్కువొచ్చిన రోజు లెక్క అచ్చువేశాడు. నాసా పుట్టింది 1958లో. 1960ల చివర్లో హెరాల్డ్ హిల్ అనే వ్యాపారవేత్త దీన్ని గ్రీన్‌బెల్ట్‌లోని నాసా గొడ్డార్డ్ అంతరిక్ష కేంద్రానికి అంటగట్టి సభల్లో చెప్పడం మొదలుపెట్టాడు. అలాంటిదేమీ జరగలేదని నాసా అప్పుడే చెప్పింది. కథ ఆగలేదు.

ఎవరో ఖండించారు కాబట్టి ఇది తప్పు అనడం లేదు. అలాంటి లెక్క చేయడమే కుదరదు. గ్రహాల స్థానాలు వెనక్కి లెక్కేయడమంటే, ఈ రోజు ప్రతి గ్రహం ఎక్కడుంది, ఎంత వేగంతో ఎటు పోతోంది అన్నది తీసుకుని, గురుత్వ సమీకరణాలతో అడుగడుగునా వెనక్కి నడిపించడం. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల వాళ్ల పట్టికలు ఇలా సుమారు 30,000 ఏళ్ల వ్యవధికి ఉన్నాయి. వెనక్కి నడిచే ఆ లెక్కకి ఎక్కడా గుంట అడ్డురాదు. మనం ఇచ్చిన సమీకరణం ఎటు పొమ్మంటే అటు నున్నగా పోతుంది. సూర్యుడు ఒక పూట నిజంగానే ఆగాడనుకున్నా, ఆ సంగతి లెక్కకి తెలిసే దారే లేదు.

ఇంట్లో గోడ గడియారం ఒక రాత్రి ఆగి, మళ్లీ దానంతటదే నడిచిందనుకోండి. మరో నెలకి దాని ముందు కూర్చుని ముల్లు వెనక్కి తిప్పుకుంటూ పోతే ఆగిన రాత్రి బయటపడుతుందా? పడదు. ఆ రాత్రి గుణుపూర్ పాసింజరు ఎన్నింటికి వెళ్లిందో స్టేషన్ రిజిస్టరులో రాసి ఉంటే, దానితో పోల్చాలి. ఆగిన గడియారాన్ని పట్టుకోవాలంటే రెండో సాక్షి కావాలి. అమ్మాయి అడిగిన తేదీ అదే. ఫలానా రోజున ఫలానా ఊళ్లో ఆకాశంలో ఇది చూశాం అని అప్పుడే రాసి పెట్టిన వ్రాత ఒకటి ఉండాలి. యెహోషువ కాలానికి అలా తేదీతో నిలిచే గ్రహణ వ్రాత ఏదీ మన చేతికి రాలేదు.

40 నిమిషాల సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. పూర్ణవృత్తం 360 డిగ్రీలు, రోజు 24 గంటలు, కాబట్టి 10 డిగ్రీలు అంటే 40 నిమిషాలు. ఈ లెక్క పాత ఇంగ్లీషు బైబిలులో 'పది డిగ్రీలు' అని ఉండటం వల్ల పుట్టింది. హెబ్రీలో ఉన్న మాటకి అర్థం మెట్లు. మన తెలుగు బైబిలులో ఆహాజు గడియారపు నీడ పది మెట్లు వెనక్కి వెళ్లిందనే ఉంది. ఒక మెట్టు ఎన్ని నిమిషాలో ఎవరూ చెప్పలేరు. తెలుగు బైబిలు ఒళ్లో పెట్టుకుని, అందులో లేని డిగ్రీలని కళ్లు మూసుకుని ఒప్పుకుంటున్నాం.

నిజంగా దొరికిన మూడు గంటలు

ఖగోళశాస్త్రానికి తేడా అసలు దొరకలేదని కాదు. దొరికింది. ఆ కథ వాట్సాప్ కథ కన్నా ఎంతో గొప్పది, సభల్లో ఎందుకు వినపడదో నాకు అర్థం కాదు.

బాబిలోను పండితులు క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి గ్రహణాలను మట్టి పలకల మీద వేళతో సహా రాసిపెట్టారు. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోనులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందని ఆ పలకల్లో ఉంది. భూమి ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగిందనుకుని లెక్కేస్తే ఆ నీడ బాబిలోను మీద పడదు, వేల కిలోమీటర్లు పడమటగా పడుతుంది. పలక అబద్ధం కాదు. తేడా 3 గంటల పైచిలుకు, అంటే భూమి తిరుగుడులో సుమారు 49 డిగ్రీలు.

కారణం ఆటుపోట్లు. చంద్రుడు సముద్రాన్ని లాగడం వల్ల పుట్టే రాపిడితో భూమి తిరుగుడు మందగిస్తోంది. మంచుయుగం అయ్యాక ధ్రువాల వైపు నేల పైకి లేస్తూ ఉండటం ఆ మందగింపుని కొంత తగ్గిస్తుంది. రెండూ కలిపి చూస్తే రోజు నిడివి శతాబ్దానికి సుమారు 1.75 మిల్లీసెకన్లు పెరుగుతోంది. ఇంత చిన్న సంఖ్య మూడు గంటలు ఎలా అవుతుంది? కాగితం తీసుకోండి. రోజు సరిగ్గా 86,400 సెకన్లు ఉన్నది 1820 ప్రాంతంలో. అక్కడి నుంచి క్రీ.పూ. 136కి 19.5 శతాబ్దాలు. అప్పటి రోజు 1820 నాటి రోజుకన్నా సుమారు 34 మిల్లీసెకన్లు చిన్నది. మధ్యకాలమంతటికీ సగటు తీస్తే 17 మిల్లీసెకన్లు. మధ్యలో గడిచిన రోజులు 7 లక్షల 14 వేలు. హెచ్చవేస్తే 12,000 సెకన్ల పైన వస్తుంది. అదే మూడు గంటల చిల్లర.

ఈ లెక్క ప్లస్ టూ పిల్లలు చేయగలరు. అందులో ఎర్ర దీపాలూ లేవు, ఆగిపోయిన కంప్యూటర్లూ లేవు. మట్టి పలక మీద నిజం రాసిన మనిషి, 2,000 ఏళ్ల తరవాత ఆ పలకని నమ్మిన మనిషి, వాళ్ల మధ్య ఈ లెక్క.

అంగీ వేసుకున్న ఖగోళవేత్త

జార్జ్ లెమైత్ర్ 1894లో బెల్జియంలోని షార్లరువాలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేశాడు. 1923లో కథోలిక గురువుగా అభిషేకం పొందాడు. అదే ఏడు కేంబ్రిడ్జి వెళ్లి ఖగోళవేత్త ఎడింగ్టన్ దగ్గర, తరవాత హార్వర్డ్ వేధశాలలో చదువుకున్నాడు. 1927లో, ఫ్రెంచిలో, పెద్దగా ఎవరూ చదవని ఒక బెల్జియం పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది: గెలాక్సీలు దూరమైపోతున్నాయి, కారణం వాటి మధ్య ఆకాశమే సాగుతూ ఉండటం. 42 గెలాక్సీల కొలతలతో, ప్రతి పది లక్షల పార్సెక్కుల (ఒక పార్సెక్కు సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) దూరానికీ సెకనుకి 625 కిలోమీటర్ల వేగం పెరుగుతుందని లెక్క తేల్చాడు. ఇదే సంగతి మీద అమెరికా ఖగోళవేత్త హబుల్ తన వ్యాసం అచ్చువేసింది 1929లో. అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ నియమాన్ని హబుల్–లెమైత్ర్ నియమం అనమని 2018లో సిఫారసు చేసింది.

1927లో బ్రస్సెల్స్‌లో కలిసినప్పుడు ఐన్‌స్టైన్ ఆయనతో గణితం బాగానే ఉందిగానీ భౌతికశాస్త్రం మాత్రం ఘోరంగా ఉందన్నాడు. విశ్వానికి మొదలుందనే ఆలోచన వెనక గురువుగారి మతం దాక్కుందని అనుమానించినవాళ్లు తరవాత కూడా చాలామంది. ఆయన అంగీ చూసి ఆయన లెక్కని అనుమానించారు. మనం ఆయన అంగీ చూసి ఆయన లెక్కని ఎత్తుకుంటున్నాం. రెండిట్లోనూ లెక్కని చూసినవాళ్లు లేరు.

1931లో విశ్వం ఒకే ఆదిమ అణువు నుంచి మొదలైందంటూ 'నేచర్' పత్రికకి చిన్న ఉత్తరం రాశాడు. చిత్తుప్రతి చివర దేవుడి ప్రస్తావన ఉన్న పేరా ఒకటి ఉండేది. పంపేముందు కొట్టేశాడు. దేవుణ్ణి నమ్మక కాదు. రోజూ ప్రార్థన చేసే మనిషి. ఆ ఉత్తరం ఆ పనికి రాసింది కాదని తెలిసి కొట్టేశాడు.

ఆ వివేకం ఆయనకి పుట్టుకతో రాలేదు. యువకుడిగా ఉన్నప్పుడు, 1921లో, ఆదికాండపు మొదటి మాటలను వెలుగు భౌతికశాస్త్రంతో జతచేసి వ్యాసం రాసుకున్నాడు. అంటే మన సభల్లో వినిపించే మాట ఆయనకి పరాయిది కాదు. ఆ దారిన నడిచి చూసి వెనక్కి వచ్చినవాడు. ఆయన మాటకి నా దగ్గర బరువు ఎక్కువ అందుకే.

1951 నవంబరు 22న పోపు 12వ భక్తినాథుడు, అంటే పయస్, వాటికన్ విజ్ఞాన పీఠంలో ప్రసంగిస్తూ, కొత్త విశ్వోత్పత్తి శాస్త్రం సృష్టికి సాక్ష్యం పలుకుతోందన్న అర్థంలో మాట్లాడారు. లెమైత్ర్‌కి అది ఆనందం కలిగించాలి కదా! కలగలేదు. కలత పడ్డాడు. ఖగోళ సంఘం మహాసభ మరుసటి ఏడు రోములోనే ఉంది. ఈలోగా వాటికన్ వేధశాల అధిపతి ఫాదర్ ఓకానెల్‌తో కలిసి తన ఆందోళన పైవారికి చేరవేశాడు. 1952 సెప్టెంబరులో ఆ ఖగోళవేత్తల ముందు పోపు ప్రసంగించినప్పుడు ఆ మాట మళ్లీ రాలేదు.

ఆ రోము సభలో ఇంకోటి జరిగింది. ఖగోళవేత్త వాల్టర్ బాడె లేచి, గెలాక్సీల దూరాలన్నీ సగం చేసి కొలుస్తున్నామని, రెట్టింపు చేయాలని చెప్పాడు. దూరాలు కొలవడానికి వాడే సెఫీడ్ నక్షత్రాలు ఒక రకం కాదు, రెండు రకాలు. వాటిని కలగాపులగం చేయడం వల్ల వచ్చిన తప్పది. దూరం రెట్టింపైతే విశ్వం వయసూ రెట్టింపే. సూత్రం తేలిక: 978ని విస్తరణ సంఖ్యతో, అంటే పైన చెప్పిన 625 లాంటి దానితో, భాగిస్తే వయసు సుమారుగా వందకోట్ల ఏళ్ల లెక్కలో వస్తుంది. లెమైత్ర్ 625తో 156 కోట్ల ఏళ్లు, హబుల్ 500తో 196 కోట్ల ఏళ్లు. అంతకన్నా పాత రాళ్లు భూమ్మీద ఉన్నాయని తేలుతుండటంతో ఏళ్ల తరబడి అందరికీ తలనొప్పి. ఈనాటి 70తో సుమారు 1,400 కోట్లు. ఒక విశ్వాస వాక్యాన్ని 1951లో ఆ పాత సంఖ్యకి మేకు కొట్టి ఉంటే, ఏడాది తిరగకుండా అదే నగరంలో ఆ మేకు ఊడేది. లెమైత్ర్ భయం అదే. సంఖ్యలు మారడానికే ఉన్నాయి, మారకపోతే మేం పనిచేయనట్టే అన్నది ఖగోళవేత్తల రోజువారీ అనుభవం.

ఆయన 1966 జూన్‌లో చనిపోయాడు. విశ్వారంభపు వెచ్చదనం ఇంకా ఆకాశమంతా సన్నగా మిగిలి ఉందని పెంజియాస్, విల్సన్‌లు 1965లో కనుక్కున్న వార్త మంచంలో ఉండగా విన్నాడు.

అయితే విశ్వాసాన్ని ఇంటి దగ్గర వదిలి రమ్మంటారా?

ఇది సభల్లో వచ్చే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. ఆకాశాలు దేవుని మహిమని వివరిస్తున్నాయని పందొమ్మిదో కీర్తన పాడేవాళ్లకి, ఆకాశం గురించి మాట్లాడేటప్పుడు దేవుడి పేరెత్తొద్దంటే మింగుడుపడదు. ఇంకో సంగతీ ఉంది. ఒడిశాలో క్రైస్తవుడిగా బతకడం అన్ని వేళలా తేలిక కాదు. 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు, గజపతి జిల్లా దాన్ని ఆనుకునే ఉంది. బడిలో, బజారులో చిన్నచూపు పడ్డవాళ్లకి 'సైన్సే ఒప్పుకుంది' అన్న మాట గాయానికి మందులా తగులుతుంది. ఆ అవసరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ అది మందు కాదు. ఆ అమ్మాయి బరంపురంలో హాస్టల్లో చేరిన మొదటి నెలలోనే అది అబద్ధమని తోటివాళ్లు ఫోనులో చూపిస్తారు. అప్పుడు ఆమె మనసులో నాసా కథ ఒక్కటే పడిపోదు. దాన్ని చెప్పిన నోటితోనే విన్న కొండమీది ప్రసంగం కూడా ఊగుతుంది.

సంఘానికి ఇది కొత్త బుద్ధి కూడా కాదు. సిలువ వేళ మూడు గంటల చీకటిని సూర్యగ్రహణమని ఒకరు వివరించబోతే, క్రీ.శ. 3వ శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ చరిత్రకారుడు కాదన్నాడు. పస్కా పౌర్ణమికి వస్తుంది, సూర్యగ్రహణం అమావాస్యకి తప్ప పట్టదు అన్నాడు. పైగా సంపూర్ణ గ్రహణం ఒకచోట ఏడున్నర నిమిషాలు మించి నిలవదు. నమ్మే విషయానికి అనుకూలంగా ఉన్న తప్పుడు రుజువుని నమ్మేవాడే తోసేశాడు.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. ఇక్కడి పిల్లలు ఒడియా పుస్తకాల్లో చదువుకునే పఠాణి సామంత, ఖండపడాకి చెందిన సామంత చంద్రశేఖర్. గాఢమైన జగన్నాథ భక్తుడు. పంజికలో, అంటే పంచాంగంలో, రాసిన వేళకి చుక్కలు కనపడకపోతే ఆకాశాన్ని తప్పుపట్టలేదు. వెదురుతో, కర్రతో పనిముట్లు చేసుకుని ఏళ్ల తరబడి కొలిచి పంజికనే దిద్దాడు. ఆయన దిద్దిన లెక్కతోనే పూరీ పూజల వేళలు పెట్టుకున్నారు. దిద్దితే భక్తి తగ్గుతుందని ఆయన అనుకోలేదు.

ఖగోళవేత్త కెప్లరూ అంతే. బోధకుడు కావాలని చదువు మొదలుపెట్టినవాడు. కుజుడి స్థానంలో తన లెక్కకీ టైకో బ్రాహె కొలతకీ 8 కళల తేడా వచ్చింది (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). పున్నమి చందమామ వెడల్పు 30 కళలు, అందులో నాలుగో వంతు. టైకోలాంటి పరిశీలకుణ్ణి ఇచ్చిన దేవుడి వరాన్ని కాదనకూడదని, తన ఏళ్ల లెక్కనే చెరిపేశాడు. ఆ 8 కళల్లోంచే గ్రహాల దారి వృత్తం కాదు, దీర్ఘవృత్తం అన్నది పుట్టింది. విశ్వాసం పనిలో ఎక్కడ కనపడాలి అంటే నా జవాబు ఇదే. ముగింపు వాక్యంలో కనపడనక్కర్లేదు, కొలతని దాచకపోవడంలో కనపడితే చాలు. ఈ రెండూ నిజంగా విడదీయగలమా అన్న సందేహం నాకూ పూర్తిగా తీరలేదు. లెమైత్ర్ ఒక పేరా కొట్టేశాడు గానీ, ఆ పేరా రాసిన మనసుని కొట్టేసుకోలేదు కదా.

ఆ అమ్మాయి ఖగోళవేత్త కావాలంటే

నర్సింగో, బీఎడ్డో చేయించాలని ఇంట్లో అనుకుంటారు, తప్పేం లేదు. కానీ దారి ఉందని తెలియాలి. ప్లస్ టూలో భౌతికశాస్త్రం, గణితం రెండూ ఉండాలి. గణితం వదిలేసి జీవశాస్త్రం తీసుకుంటే తలుపు అక్కడే చాలావరకు మూసుకుపోతుంది, ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. బరంపురంలో ఐసర్ ఉంది, భువనేశ్వర్‌లో నైసర్ ఉంది, రెండూ కేంద్రం నడిపే విజ్ఞాన విద్యాసంస్థలు. రెండిట్లోనూ ప్లస్ టూ తరవాత ఐదేళ్ల చదువు. మొదటిదానికి ఐసర్ ప్రవేశ పరీక్ష, రెండోదానికి నెస్ట్. అవి అందకపోతే దగ్గరి కాలేజీలో భౌతికశాస్త్రంతో బీఎస్సీ, ఆపైన జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీ. పరిశోధనకి జెస్ట్, గేట్, నెట్ పరీక్షలు. బెంగళూరు ఐఐఏ, పుణె అయుకా, ఎన్‌సీఆర్‌ఏ లాంటి ఖగోళ పరిశోధన సంస్థల్లో ఐదారేళ్లు డాక్టరేటు, తరవాత రెండేసి మూడేసి ఏళ్ల తాత్కాలిక పదవులు. స్థిరపడేసరికి ముప్పై దాటుతుంది. ఇది ముందే ఇంట్లో చెప్పాలి.

పని అంటే రాత్రంతా దుర్భిణిలో కన్నుపెట్టడం కాదు. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల దుర్భిణిని బెంగళూరు దగ్గర హోసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. ఒక గెలాక్సీ కాంతిని విడదీస్తే, 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగం పొడవు కొలిచే చిన్న ప్రమాణం) దగ్గర ఉండాల్సిన హైడ్రోజన్ గీత 6629 దగ్గర కనపడిందనుకుందాం. తేడాని 6563తో భాగిస్తే 0.01, కాంతి వేగంతో హెచ్చిస్తే సెకనుకి 3,000 కిలోమీటర్లు, విస్తరణ సంఖ్య 70తో భాగిస్తే దూరం సుమారు 4.3 కోట్ల పార్సెక్కులు, అంటే 14 కోట్ల కాంతి సంవత్సరాలు. పావుగంట పనిలా ఉంటుంది. కానీ గీత స్థానం 1 ఆంగ్‌స్ట్రామ్ తప్పితే వేగం 46 కిలోమీటర్లు తప్పుతుంది, అందుకే గెలాక్సీకి ముందూ వెనకా నియాన్, ఆర్గాన్ దీపాల గీతలు తీసుకోవాలి. సూర్యుడి చుట్టూ భూమి పరుగు సెకనుకి 30 కిలోమీటర్లు, దాన్ని తీసేయాలి. దగ్గరి గెలాక్సీలకి ఈ సూత్రం పనికిరాదు, వాటి సొంత కదలికే వందల కిలోమీటర్లు. ఆండ్రోమెడా మనవైపే వస్తోంది.

ఆదివారాల సంగతి కూడా అడుగుతారు. దుర్భిణి రాత్రులు కేటాయించేటప్పుడు ఆదివారం, క్రిస్మస్ చూడరు. అయితే పునరుత్థాన పండుగ ఎప్పుడూ పౌర్ణమి దాటగానే వచ్చే ఆదివారం. వెన్నెల్లో మసక గెలాక్సీలు కనపడవు కాబట్టి శ్రమల వారంలో ఆ పని ఎలాగూ అంతగా సాగదు.

మహేంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా చీకటి మిగిలే ఉంది. యెహోషువ దినం గురించి మాట్లాడే కూటాలు ముందు ఒక రోజు ఎంతో కొలిచి చూడొచ్చు. తూర్పు ముఖంగా ఉన్న వరండా కావాలి, తిన్నని శ్లాబు అంచున్న చూరు కావాలి. గడ్డి చూరు వద్దు, అంచు వంకర. కదలని స్తంభానికి మేకు రంధ్రం ఉన్న రేకు ముక్క కొట్టి, ఆ రంధ్రంలోంచే చూడాలి. చూరు 3 మీటర్ల దూరంలో ఉంటే తల 1 సెంటీమీటరు కదిలినా ముప్పావు నిమిషం తేడా వస్తుంది. గొల్లకావడి మూడు చుక్కల్లో నడిమిది ఎంచుకోండి. గురుడినో కుజుడినో పట్టుకుంటే వాటి సొంత నడకతో లెక్క చెడుతుంది. పైకి ఎక్కుతూ ఆ చుక్క చూరు వెనక మాయమయ్యే క్షణం ఫోనులో సెకన్లతో రాయాలి. డిసెంబరు 1న అది రాత్రి 9 గంటలకి మాయమైతే, 2న 8 గంటల 56 నిమిషాల 4 సెకన్లకి మాయమవుతుంది. మబ్బు పట్టిన రాత్రులు వదిలేయండి, రోజుకి 3 నిమిషాల 56 సెకన్ల లెక్క మారదు. 16న 8 గంటల 1 నిమిషానికి. క్రిస్మస్ రాత్రి 7 గంటల 25 నిమిషాల 38 సెకన్లకి.